అమ్మ కంటిరెప్పలకు చెన్నైలో చేయించిన ఆరు వారాల వైద్యం

మా అమ్మకు 68 ఏళ్ళు, ఉండేది నెల్లూరులో. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ చేయిద్దామని గత చలికాలంలో చెన్నైకి నా దగ్గరికి తీసుకువచ్చాను. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట వాళ్ళకు కళ్ళ సంగతి వస్తే మద్రాసు వెళ్ళడం తాతల నాటి అలవాటు. 1819లో మొదలై ఇప్పుడు ఎగ్మూరులో నడుస్తున్న ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్న ఊరు ఇది. అన్నానగరులో మేము వెళ్ళిన ఆసుపత్రిలో డాక్టరు మాత్రం ఆపరేషన్ తేదీ ఇవ్వలేదు. ముందు రెప్పలకు వైద్యం జరగాలని, అందుకు కనీసం 6 వారాలు పడుతుందని, అంతవరకు శుక్లం జోలికి వెళ్ళనని చెప్పారు. ఆ రోజు మా అందరికీ కోపం వచ్చింది. ఇప్పుడు ఆ నిర్ణయానికి కృతజ్ఞతతోనే ఈ సమీక్ష రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాస్తే ఇది ప్రకటనలా తోస్తుంది, అదీగాక ఈ వైద్యం శ్రద్ధగా చూసే కంటి ఆసుపత్రి ఎక్కడైనా చేయగలిగినదే. అందుచేత పేరు వదిలేసి, అక్కడ ఏం చేశారో, ఇంట్లో మేము ఏం చేశామో, ఏ వస్తువు పనికొచ్చిందో, ఏది నష్టం చేసిందో మాత్రమే చెబుతాను.

అమ్మ బాధ రెండేళ్ళ నాటిది. తెల్లవారి లేచేసరికి రెప్పలు అంటుకుపోయి ఉండేవి, పుసి కట్టేది, రోజంతా కంట్లో నలుసు పడినట్టు ఉండేది, రెప్పల అంచులు ఎర్రగా మందంగా వాచి ఉండేవి. దురద మరీ రెప్పవెంట్రుకల మొదళ్ళ దగ్గరే ఉండటం వల్ల కొంగు చివర మెలిపెట్టి అక్కడే రుద్దుకునేది. ఏడాదిలో మూడు సార్లు కంటికురుపు లేచింది. ఇరుగుపొరుగు వాళ్ళు చూసి కండ్లకలక అనుకుని దూరంగా మసలిన రోజులు కూడా ఉన్నాయి. మా ఊళ్ళో చూపించిన చోట అలర్జీ అన్నారు, ఇంకొక చోట కళ్ళు పొడిబారాయన్నారు. స్టెరాయిడ్ చుక్కలు వేసినప్పుడల్లా పది రోజులు హాయిగా ఉండి, ఆపిన వారానికి మళ్ళీ మొదటికి వచ్చేది. అదే సీసా నాలుగు సార్లు రాశారు. స్టెరాయిడ్ వాపును అణచగలదు గానీ వాపుకు మూలమైనదాన్ని తీసివేయలేదని, ఎక్కువకాలం వాడితే కంటి ఒత్తిడి పెరగవచ్చని, శుక్లం కూడా త్వరగా ముదరవచ్చని మాకు చెన్నైలో తెలిసింది. ఆ రెండేళ్ళలో మాకు ఎవరూ ఈ మాట చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అన్నానగరు డాక్టరు చేసిన మొదటి పరీక్ష ఖర్చు లేనిది. అమ్మను స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే దీపం ఉన్న పరికరం) ముందు కూర్చోబెట్టి, గడ్డం పీట మీద ఆనించి, సహాయంగా ఉన్న అమ్మాయి అలవాటుగా "కీళె పారుంగమ్మా" అంటే, డాక్టరు వెంటనే తెలుగులో "అమ్మా, తల కదపకుండా కళ్ళు మాత్రం కిందికి దించండి" అన్నారు. అంతకుముందు చూసిన వాళ్ళందరూ అమ్మను నేరుగా ముందుకే చూడమన్నారు. నేరుగా చూస్తే పై రెప్పవెంట్రుకల మొదళ్ళు కనబడవు, కిందికి చూసినప్పుడే బయటపడతాయి. డాక్టరు తెర మీద ఆ బొమ్మను పెద్దది చేసి చూపించారు. ఒక్కొక్క వెంట్రుక మొదట్లో, చర్మానికి ఆనుకుని, మైనపు రంగులో పలచటి తొడుగు గొట్టంలా చుట్టుకుని ఉంది. వరినారు మొదట్లో తెల్లటి పొర ఉంటుంది చూడండి, అలాగన్నమాట. మామూలు చుండ్రు పొట్టు వెంట్రుక మీద ఎక్కడైనా జారుతూ ఉంటుందని, బాక్టీరియా వల్ల కట్టే పక్కు గట్టిగా, చెల్లాచెదురుగా ఉంటుందని, ఇలా మొదలును చుట్టి గొట్టంలా నిలబడేది మాత్రం డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగుకు గుర్తు అని ఆయన వివరించారు.

తరువాత సన్నటి పట్టుకారుతో రెండు వెంట్రుకలు తీసి, గాజుపలక మీద నూనె చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టారు. వెంట్రుక మొదలును పట్టుకుని మూడు పురుగులు ఉన్నాయి. పొడవాటి, దాదాపు పారదర్శకమైన ఒళ్ళు, ముందుభాగంలో మొండిగా ఎనిమిది కాళ్ళు, వెనక తోకలా సాగిన భాగం. ఒకటి చాలా నిదానంగా కాళ్ళు కదిలించింది. పిడుదుల జాతికి దగ్గరి చుట్టమైన ఈ పురుగు నిడివి మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే కాబట్టి మామూలు కంటికి కనబడదు.

అమ్మ ముఖం చిన్నబోయింది. "నా కంట్లో పురుగులేందమ్మా? రోజూ రెండు పూటలా నీళ్ళు పోసుకునేదాన్నే" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ గదిలో నాకు అన్నింటికన్నా నచ్చినది ఆ తరువాతి అయిదు నిమిషాలు. డాక్టరు కుర్చీ దగ్గరకు జరుపుకుని, ఇది శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేది కాదని, పెద్దవాళ్ళలో చాలామంది ముఖం మీద ఈ పురుగులు కొద్దో గొప్పో ఉంటాయని, వయసు పెరిగేకొద్దీ వీటి సంఖ్య పెరుగుతుందని, తక్కువ ఉన్నప్పుడు ఏ హానీ చేయకుండా ఉండి, మితిమీరినప్పుడు మాత్రమే రెప్పను వాపెక్కిస్తాయని అమ్మకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. 1842లోనే గుస్టవ్ సైమన్ అనే జర్మన్ వైద్యుడు వీటిని వర్ణించాడట. ఇంతకాలంగా తెలిసిన పురుగును ఇన్ని చోట్ల వెతకకుండా వదిలేశారన్నదే నా ఆవేదన.

ఆరు వారాలు ఎందుకు అన్న మా ప్రశ్నకు కూడా అక్కడే జవాబు దొరికింది. వీటిలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి వెంట్రుక కుదుళ్ళలో ఉంటుంది. దానికన్నా పొట్టిగా ఉండే రెండోది నూనె గ్రంథుల్లో, అంటే రెప్ప అంచున వరుసగా ఉండి కన్నీటి మీద నూనె పొర వేసే మైబోమియన్ గ్రంథుల్లో లోతుగా దూరి ఉంటుంది. ఈ పురుగులకు వెలుతురు గిట్టదు కనుక పగలు కుదురులో దాగి, రాత్రి పైకి వచ్చి గంటకు 8 నుంచి 16 మిల్లీమీటర్లు నడుస్తాయి, కుదురు నోటి దగ్గర జతకడతాయి, లోపలికి వెళ్ళి గుడ్లు పెడతాయి. గుడ్డు నుంచి చావు వరకు దాని బతుకంతా రెండు మూడు వారాలే. ఈరోజు పైన ఉన్నవాటిని తుడిచేసినా, లోపల గుడ్లు పొదిగి రేపు కొత్తవి వస్తాయి కాబట్టి, రెండు మూడు తరాలు గడిచేదాకా వదలకుండా చేస్తేనే సంఖ్య పడిపోతుంది. పది రోజులు వాడి తగ్గిందని ఆపేసేవాళ్ళకు మళ్ళీ రావడానికి కారణం ఇదే. అంతకుముందు ఒకరు చెప్పిన బేబీ షాంపూ మేము నాలుగు నెలలు వాడాము. అది పైనున్న పక్కును కడుగుతుంది గానీ పురుగును చంపదని అప్పుడు తెలిసింది.

ఇక వైద్యం సంగతి. ఆసుపత్రిలో వారానికి ఒకటి చొప్పున మూడు సార్లు రెప్పలు శుభ్రం చేశారు. మొదట మొద్దుబారే చుక్కలు వేసి, సన్నగా గుండ్రంగా తిరిగే స్పాంజి ముక్కతో వెంట్రుకల మొదళ్ళ వెంబడి నిదానంగా రుద్దుతూ ఆ తొడుగులను ఊడదీశారు. ఆ తరువాత టీ ట్రీ ఆయిల్ కలిపిన ద్రావణాన్ని దూది పుల్లతో అద్ది, కొద్ది నిమిషాల తేడాతో తుడిచేశారు. కంటికి పది నిమిషాలు పట్టింది. నొప్పి లేదని, రెప్పల్లో చీమలు పాకినట్టు మాత్రం ఉందని అమ్మ చెప్పింది. ఈ నూనె మనం తాగే టీ మొక్క నుంచి వచ్చేది కాదు. ఆస్ట్రేలియాలో పెరిగే మెలాల్యూకా అనే చెట్టు ఆకుల నుంచి తీస్తారు, అందులో టెర్పినెన్-4-ఓల్ అనే పదార్థం ఈ పురుగులను చంపుతుంది. ఒక్కొక్క సారికి 1,500 రూపాయలు తీసుకున్నారు. మొదటి సారి శుభ్రం చేయించుకుని బయటికి వచ్చినప్పుడు అమ్మ నీడలో నిలబడి రెప్పలు రెండు మూడు సార్లు ఆడించి, రెప్ప తేలికైందని చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇదే తప్పు ఇంకొకరు చేయకూడదు. ఆసుపత్రిలో టీ ట్రీ ఆయిల్ అన్న పేరు విన్న మా తమ్ముడు, రెప్పలు తుడుచుకునే మందు తడి కాగితాల (వైప్స్) ఖరీదు ఎక్కువని, ఆన్‌లైన్‌లో ఏమీ కలపని స్వచ్ఛమైన నూనె చిన్న సీసా తెప్పించాడు. చుండ్రుకు, మొటిమలకు అని దాని మీద రాసి ఉంది. రాత్రి అమ్మ దూది పుల్లకు ఒక్క చుక్క అద్ది రెప్పకు రాసుకుంది. క్షణంలో కన్ను నిప్పు పడినట్టు మండి, తెరవలేక కేకపెట్టింది. పావుగంట పాటు కుళాయి నీళ్ళు ధారగా పోసి కడిగి, తెల్లవారగానే డాక్టరు దగ్గరికి పరుగెత్తాము. నల్లగుడ్డు పైపొర కొద్దిగా గీసుకుపోయిందని, రెండు రోజుల్లో మానుతుందని చెప్పి, మమ్మల్ని మందలించారు. చికిత్సలో వాడే గాఢమైన ద్రావణం, అది కూడా సగం పాళ్ళకు మించనిది, చేయి తిరిగిన వాళ్ళు మొద్దుబారే మందు వేసి, కన్ను మూసి ఉంచి వాడవలసినదట. ఇంట్లో వాడుకోవడానికి పలచగా, కంటికి పనికొచ్చే విధంగా తయారైన వైప్స్ లేదా నురుగు మాత్రమే వాడాలి. స్వచ్ఛమైన నూనె, అది ఎంత మంచి కంపెనీదైనా, కంటి దరిదాపులకు రాకూడదు.

ఇంట్లో చేసిన దాంట్లో మొదటిది కాపడం. పొద్దున, రాత్రి పది నిమిషాల చొప్పున రెప్పలకు వెచ్చదనం తగలాలి, గ్రంథుల్లో గడ్డకట్టిన నూనె అప్పుడే కరుగుతుంది. వేడి నీళ్ళలో ముంచిన తువ్వాలు ఒకటి రెండు నిమిషాలకే చల్లారిపోయేది, మళ్ళీ మళ్ళీ ముంచడం అమ్మకు విసుగు. చివరికి ఆమే ఉపాయం చేసింది. పాత నూలు చీర ముక్కలో గుప్పెడు బియ్యం మూటగట్టి, పెనం మీద వెచ్చబెట్టి, మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుని, ఆ తరువాత మూసిన రెప్పల మీద పెట్టుకుంది. బియ్యం పది నిమిషాల దాకా వేడిని పట్టి ఉంచాయి. డాక్టరు కూడా సరేనన్నారు, కాకపోతే వేడి చర్మం ఎర్రబడేంత ఉండకూడదని హెచ్చరించారు. కాపడం అయ్యాక పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెల్లగా ఒత్తుతూ నూనెను వెంట్రుకల వైపు తోయాలి. ఆ తరువాత కళ్ళు మూసుకుని, ఒక్కొక్క కంటికి ఒక వైప్‌తో వెంట్రుకల మొదళ్ళ వెంట అడ్డంగా తుడవాలి. ఒక కన్ను తుడిచినది రెండో కంటికి వాడకూడదు.

వైప్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మేము రెండు రకాలు వాడాము. మొదటిది టీ ట్రీ ఆయిల్ కలిపినది, ముప్పై వైప్స్ పెట్టె దాదాపు 500 రూపాయలు. వాసన ఘాటుగా, కర్పూరానికి దగ్గరగా ఉంటుంది, తుడిచాక రెండు మూడు నిమిషాలు చుర్రుమంటుంది, పొడి చర్మం ఉన్నవాళ్ళకు రెప్ప అంచు పొట్టు లేచే అవకాశం ఉంది. అమ్మకు రెండో వారంలో ఆ పొట్టు వచ్చింది, డాక్టరు రోజుకు ఒకసారికి తగ్గించారు. రెండోది టీ ట్రీ లేని మామూలు రెప్పల వైప్స్, మందుల దుకాణంలో అవి లేవని ఇవి ఇచ్చారు. మెత్తగా, హాయిగా ఉన్నాయి గానీ పురుగును చంపే పదార్థం అందులో లేదు. కొనేటప్పుడు పెట్టె వెనక టీ ట్రీ ఆయిల్ గానీ టెర్పినెన్-4-ఓల్ గానీ ఉందో లేదో చదివి కొనాలి. హైపోక్లోరస్ ఆమ్లం ఉన్న స్ప్రేలు కూడా దుకాణాల్లో కనబడతాయి. అవి బాక్టీరియాకు బాగా పనిచేస్తాయి, ఈ పురుగుకు మాత్రం వాటిని నమ్ముకోకూడదు.

ఆ ఆరు వారాలు అమ్మ వదులుకోవడానికి కష్టపడింది కాటుక. ఆముదం దీపం మసితో తాను చేసుకున్న కాటుక భరిణె నలభై ఏళ్ళుగా ఆమె వెంట ఉంది. కాటుకలోని జిడ్డు కుదుళ్ళ నోళ్ళను మూసివేస్తుందని, వాడిన భరిణెలోకి మళ్ళీ వేలు పెట్టడం మంచిది కాదని చెబితే, ఒక రోజంతా మౌనంగా ఉండి, మర్నాడు తానే కడిగి ఎండలో పెట్టి అటక మీదికి ఎక్కించింది. రాత్రి రెప్పలకు ఆముదం రాసుకునే అలవాటు కూడా ఆపింది. దిండు గలీబులు, ముఖం తుడుచుకునే తువ్వాళ్ళు రెండు రోజులకోసారి వేడి నీళ్ళలో ఉతికి, మా మేడ మీది ఎండలో ఆరేసేవాళ్ళం. అమ్మ పక్కన పడుకునే మా పాప రెప్పలను కూడా డాక్టరు అడగకుండానే చూశారు, ఏమీ లేదు.

మొదటి వారం అమ్మకు బాధ పెరిగింది. మంట, నీళ్ళు కారడం, ఎర్రదనం ఎక్కువయ్యాయి, నెల్లూరికి వెళ్ళిపోతానని పట్టుబట్టింది. మొదట్లో ఇలా ఉండవచ్చని డాక్టరు ముందే చెప్పి ఉండటం వల్లనే నిలబడగలిగాము. మూడో వారానికి కొంగుతో రుద్దుకోవడం ఆగిపోయింది. నేనే ఆమెకు చెప్పి ఆ మార్పును గుర్తు చేయవలసి వచ్చింది. ఆరో వారంలో మళ్ళీ కిందికి చూడమని చూస్తే కుడి కంటి వెంట్రుకల మొదళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఎడమ కంటి బయటి కొనలో కొన్ని తొడుగులు మిగిలాయి. అప్పుడు ఇలాంటి పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ మాత్రలు బరువును బట్టి లెక్కకట్టి, వారం ఎడంతో రెండు మోతాదులు ఇచ్చారు. ఈ మందును కనిపెట్టిన కాంప్‌బెల్, ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి వచ్చిందని నాకు తెలుసు గానీ, కోవిడ్ రోజుల్లో జనం దీన్ని సొంతంగా కొని మింగిన సంగతి కూడా గుర్తుంది కాబట్టి భయపడ్డాను. అమ్మ వాడే బీపీ మాత్రలన్నీ చూసి, కాలేయం పరీక్ష చేయించి మరీ ఇచ్చారు. గర్భిణులకు ఇది ఇవ్వరు. రెప్పల కోసం ఈ మాత్రను ఎవరూ తమంతట తాము వేసుకోకూడదు.

అమెరికాలో ఈ జబ్బుకే ప్రత్యేకంగా చుక్కల మందు వచ్చిందని చదివి, దాని గురించి అడిగాను. లోటిలానర్ 0.25 శాతం చుక్కలు, అక్కడి పేరు ఎక్స్‌డెమ్వీ, 2023 జూలైలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఈ జబ్బుకు ఆమోదం పొందిన మొదటి మందు అదే. కుక్కలకు పిడుదులు పోవడానికి ఇచ్చే మాత్రల్లో ఉండే పదార్థమే ఇది, పురుగు నరాలను స్తంభింపజేసి చంపుతుంది. అది కూడా రోజుకు రెండు సార్లు చొప్పున 6 వారాలే వేయాలి. మా చీటీలో అది లేదు. మాకు ఉన్నవాటితోనే పని జరిగింది.

ఆసుపత్రిలో లోపాలు లేకపోలేదు. అపాయింట్‌మెంట్ పది గంటలకు ఇచ్చి పన్నెండున్నరకు పిలవడం ప్రతిసారీ జరిగింది, కళ్ళు మండుతున్న పెద్దవాళ్ళకు ఆ చల్లటి ఏసీ గాలిలో రెండున్నర గంటలు కూర్చోవడం శిక్ష. రెండో సారి శుభ్రం చేసిన దానికి రుసుము విడిగా ఉంటుందని బిల్లు చేతికి వచ్చాకే తెలిసింది. అన్నింటికన్నా ముఖ్యమైన లోపం, ఇంట్లో చేయవలసిన పనుల కాగితం తమిళంలో, ఇంగ్లీషులో మాత్రమే ఉండటం. ఆ హాల్లో నా చుట్టూ కూర్చున్న వాళ్ళలో సగం మంది తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు, నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి వచ్చినవాళ్ళు. కాపడం ముందా తుడవడం ముందా అన్నది తారుమారైతే ఈ వైద్యం ఫలించదు. నేను ఆ కాగితాన్ని తెలుగులోకి రాసి, ఒక నకలు అమ్మ అద్దం పక్కన అంటించి, ఇంకొకటి రిసెప్షన్‌లో ఇచ్చి వచ్చాను. తీసుకున్నారు, వాడుతున్నారో లేదో ఈసారి వెళ్ళినప్పుడు చూస్తాను. పరీక్షకు, వివరణకు అయిదుకు అయిదు మార్కులు ఇస్తాను, నిర్వహణకు రెండున్నర.

రెప్పలు చక్కబడ్డాక శుక్లం ఆపరేషన్‌కు కంటి కొలతలు మళ్ళీ తీశారు. కన్నీటి పొర కుదురుకోవడంతో కొలత మారింది, లెన్సు పవరు లెక్క కూడా మారింది. వాచిన రెప్పలతో ఆపరేషన్ చేస్తే కంటి లోపలికి సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం ఉండటమే కాక, తప్పు కొలతతో లెన్సు పెట్టి ఉండేవాళ్ళమని డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించారు. మొదటి రోజు ఆయన మీద గొంతు పెంచినది నేనే కాబట్టి, క్షమించమని అప్పుడే అడిగాను.

అమ్మ ఇప్పుడు రెండు కళ్ళకూ ఆపరేషన్ అయి నెల్లూరులో ఉంది, అద్దాలు లేకుండా పంచాంగం చదువుకుంటోంది. వైప్స్ రోజుకు ఒకసారి, రాత్రి పడుకునే ముందు, ఆపకుండా వాడమన్నారు, ఎందుకంటే ఈ పురుగులు పూర్తిగా మాయమయ్యేవి కావు, సంఖ్య పెరగకుండా చూసుకోవడమే మన పని. ప్రతి ఆదివారం మా తమ్ముడి కొడుకు ఫోను లైటు వేసి, నానమ్మను కళ్ళు కిందికి దించమని, రెప్పల ఫోటో తీసి నాకు పంపుతాడు. మొన్నటి ఫోటోలో ఎడమ కంటి బయటి కొనలో మళ్ళీ రెండు తొడుగులు కనబడ్డాయి. వచ్చే గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.